డీజే ప్రశ్నలు – జవాబులు: తకిటకీ తకధిమికీ తేడా తెలిస్తేనే మిక్స్

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు పాఠకుల నుంచి పెళ్ళిళ్ళ సీజన్ ముందు వచ్చిన ప్రశ్నలివి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: డిగ్రీ అయింది. ఇంట్లో 60 వేలు ఇస్తామన్నారు. 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్ ఉంది. పెళ్ళిళ్ళకు డీజే చేయాలని ఉంది. షాపులో నాలుగు చానెళ్ళ కంట్రోలర్ (లాప్‌టాప్‌లోని పాటలను చేత్తో నడిపే పెట్టె) తీసుకోమంటున్నారు. రెండు చానెళ్ళదైతే ఏడాదికే మార్చాల్సి వస్తుందట. నిజమేనా సార్? – పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: నిజం కాదు. ఒక పాట నడుస్తుండగా రెండోదాన్ని సిద్ధం చేసుకోవడమే పెళ్ళిలో డీజే పని. దానికి రెండు చానెళ్ళు, అంటే ఒక్కో పాటకు ఒక దారి, సరిపోతాయి. మూడో చానెల్ అవసరం మీ చేతికే తెలిసే రోజు వస్తుంది, అప్పుడు చూసుకోవచ్చు.

కంట్రోలర్ చూసేటప్పుడు లైట్లు ఎన్ని వెలుగుతున్నాయన్నది పక్కన పెట్టండి. లోపల సౌండ్ కార్డ్ ఉండాలి. జనానికి వెళ్ళే మాస్టర్, మీ చెవికి వచ్చే హెడ్‌ఫోన్ వేరువేరుగా పలకాలి. ప్రతి చానెల్‌కీ 'హై', 'మిడ్', 'లో' అనే మూడు ఈక్యూ నాబ్‌లు (సన్న, మధ్య, బేస్ శబ్దాలను పెంచి తగ్గించేవి), వాటి పైన విడిగా ట్రిమ్ నాబ్ (పాట మొత్తం సౌండ్ స్థాయికి) ఉండాలి. పాట వేగం మార్చే టెంపో స్లైడర్ ఎంత పొడుగుంటే అంత మేలు. పొట్టి స్లైడర్‌లో వెంట్రుకవాసి కదిపినా అర శాతం మారిపోయి చేతికి లొంగదు. పయొనీర్ డీడీజే ఎఫ్ఎల్ఎక్స్4, హెర్క్యులిస్ ఇన్‌పల్స్ 300, న్యూమార్క్ మిక్స్‌ట్రాక్ వరసలోవి ఈ పనికి వచ్చేవే. ఎఫ్ఎల్ఎక్స్4 అయితే రికార్డ్‌బాక్స్, సెరాటో డీజే లైట్ అనే రెండు డీజే సాఫ్ట్‌వేర్లతోనూ పనిచేస్తుంది.

మీ 60 వేలలో సగానికి మించి కంట్రోలర్‌కు పోనివ్వకండి. మిగతాది చెవులు పూర్తిగా మూసే వైరు హెడ్‌ఫోన్‌కు, ఎస్ఎస్‌డీకి, మంచి వైర్లకు, రెండు డీఐ బాక్సులకు (మోత రాకుండా కంట్రోలర్‌కూ మిక్సర్‌కూ మధ్య పెట్టేవి) కావాలి. లాప్‌టాప్‌లో పాత హార్డ్‌డిస్క్ ఉంటే ముందు దాన్ని మార్చండి. ర్యామ్ 8 జీబీ చాలు, 16 ఉంటే నిశ్చింత.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఈ పనికి పనికిరాదు. 100 బీపీఎం (నిమిషానికి 100 దెబ్బల) పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య 600 మిల్లీసెకండ్లే ఉంటుంది. బ్లూటూత్‌లో శబ్దం 150 మిల్లీసెకండ్లు ఆలస్యంగా వచ్చిందంటే పావు దెబ్బ వెనకబడినట్టే. అలా వింటూ రెండు పాటలు కలపడం ఎవరి తరమూ కాదు.

సెకండ్ హ్యాండ్ దొరికితే వద్దనం. డీడీజే 400 ఇప్పటికీ నేర్చుకోవడానికి మంచి పెట్టె. కాకపోతే డబ్బు చేతిలో పెట్టేముందు అరగంట పరీక్షించండి. ఒక పాట నుంచి ఇంకోదానికి మార్చే క్రాస్‌ఫేడర్‌ను ఒక చివరకు తోసినప్పుడు అవతలి పాట సన్నగా కూడా వినిపించకూడదు. ఒక్కో నాబ్‌ను మెల్లగా తిప్పుతూ గరగర వస్తుందేమో వినండి. పాట నడుస్తుండగా యూఎస్‌బీ పిన్‌ను కొద్దిగా కదపండి. కనెక్షన్ తెగిందంటే సాకెట్ వదులైందని అర్థం. అలాంటిది ఎంత చవకైనా వదిలేయండి.

ప్రశ్న: మాకు తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ కలిసిన పెళ్ళిళ్ళే ఎక్కువ. ఉత్తరాంధ్ర జానపదం నుంచి సంబల్‌పురి పాటకు వెళ్తూ సింక్ (రెండు పాటల వేగం కలిపే బటన్) నొక్కితే ఒక పాట పరుగు లంకించుకుంటుంది, లేదా ఈడ్చుకుంటూ పోతుంది. డాన్స్ చేసేవాళ్ళు ఆగిపోతున్నారు. తప్పు నాదా, సాఫ్ట్‌వేర్‌దా? – పాఠకుడు, బరంపురం

జవాబు: సాఫ్ట్‌వేర్‌దే. కానీ దిద్దాల్సింది మీరు.

ఈ సాఫ్ట్‌వేర్లు పాటలన్నిటినీ చతురశ్రమనే అనుకుంటాయి. దెబ్బకు నాలుగు అక్షరాలు, తకధిమి. మన జానపదాల్లో, సంబల్‌పురి పాటల్లో చాలావాటికి తిశ్ర నడక ఉంటుంది. దెబ్బకు మూడు అక్షరాలు, తకిట. నిమిషానికి 100 అడుగులు పడే తిశ్రం పాట తీసుకోండి. అందులో చిన్న అక్షరాలు 300 ఉంటాయి. సాఫ్ట్‌వేర్ వాటిని రెండేసి చొప్పున కడితే తెర మీద 150 అని పడుతుంది. నాలుగేసి చొప్పున కడితే 75 అంటుంది. మీరు 100 బీపీఎం సినిమా పాటను దీనికి సింక్ చేస్తే, లేని 150 కోసమో 75 కోసమో పాటను గుంజుతుంది. పరుగు, ఈడ్పు రెండూ అక్కడినుంచే వస్తున్నాయి.

పాట పెట్టి జనం అడుగు వేసే చోట కాలితో నేలను తట్టండి. 30 సెకండ్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. అసలు వేగం అదే. తెర మీద అంకె దానికి ఒకటిన్నర రెట్లు ఉంటే 2/3తోను, ముప్పావు ఉంటే 4/3తోను గుణించాలి. మిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండు భిన్నాలూ మెనూలోనే ఉన్నాయి. రికార్డ్‌బాక్స్‌లో అయితే బీట్‌గ్రిడ్ (దెబ్బలు పడే చోట వేసే గీతలు) దగ్గర ట్యాప్ చేసి సరిచూసుకోవాలి, లేదా అంకె స్వయంగా కొట్టాలి. రెట్టింపు, సగం బటన్లతో ఇది తీరదు. తర్వాత మొదటి గీతను పాట ఎత్తుగడలో పడే మొదటి దెబ్బ మీద కూర్చోబెట్టండి. ఇక్కడితో ఆపేస్తే పని సగమే అయినట్టు. పాట చివరి నిమిషానికి వెళ్ళి అక్కడా గీత దెబ్బ మీదే ఉందేమో చూడండి.

చివర్లో గీత జారిపోయిందంటే ఆ పాటను చేత్తో వాయించారన్నమాట. ఢోల్, నిసాన్, తాసా, తముకి, ముహురి కలిసి నడిచే సంబల్‌పురి మేళంలో ఊపు పెరిగే కొద్దీ వేగం పెరుగుతుంది. పాత ఆర్కెస్ట్రా సినిమా పాటలూ అంతే. వాటికి రికార్డ్‌బాక్స్ విశ్లేషణలో 'నార్మల్' బదులు 'డైనమిక్' ఎంచుకోండి. అప్పుడు గీతలు పాటతోపాటు దగ్గరవుతూ దూరమవుతూ ఉంటాయి. అదీ కుదరకపోతే ఆ పాటకు సింక్ మాట మరిచిపోయి, కలిపే సమయం నాలుగైదు సెకండ్లకు కుదించండి.

ఇంకొక చిక్కు ఉంది. గ్రిడ్ సరిగ్గా దిద్ది, రెండూ 100 మీదే నడుస్తున్నా, తకిట మీద తకధిమిని అర నిమిషం పేర్చితే గందరగోళమే. ఒక దెబ్బలో ఒకరు మూడు, ఒకరు నాలుగు కొడుతుంటే అడుగు ఎక్కడ వేయాలో ఎవరికీ తెలియదు. అందుకే నడక మారేచోట పాటలను పొడుగ్గా కలపకండి. నడుస్తున్న పాటలో గొంతు లేని వాద్యం ముక్కను 4 దెబ్బల లూప్‌గా పట్టుకోండి. దాని 'లో' (బేస్) నాబ్ తగ్గించండి, మీద కొద్దిగా ఎకో వేయండి. కొత్త పాటను దాని మొదటి దెబ్బ మీద వదిలి, అదే క్షణంలో పాతదాన్ని దించేయండి. ఎకో తోక ఒక్కటే మిగిలి సాగుతుంది. మంచి డప్పు ముక్కను, తాసా ముక్కను విడిగా దాచుకుంటే రెండిళ్ళ వాళ్ళ మధ్య వంతెనలా పనికొస్తాయి.

వేగాల తేడాకు లెక్క ఉంది. కావాల్సిన బీపీఎంలోంచి పాట బీపీఎం తీసేసి, వచ్చినదాన్ని పాట బీపీఎంతో భాగించి 100తో గుణించండి. 100 పాటను 106కు లాగాలంటే 6 శాతం. వేగం మారినా శ్రుతి మారకుండా ఉంచే కీ లాక్ వేసుకుంటే (రికార్డ్‌బాక్స్‌లో దాని పేరు మాస్టర్ టెంపో), ఆ మాత్రానికి గొంతు చెడదు. 8 శాతం దాటితే గొంతులో వణుకు, తాళంలో చప్పిదనం మొదలవుతాయి. 92 నుంచి 110కి ఒకేసారి దూకవద్దు. మధ్యలో రెండు పాటలు వేసి మెట్లెక్కండి.

సినిమా పాటలకు డీజేల కోసం చేసిన ఇంట్రో ఉండదు. పల్లవి నేరుగా గొంతుతో మొదలైతే కలపడానికి చోటెక్కడిది? ప్రతి పాటలో మూడు హాట్ క్యూలు (నొక్కగానే ఆ చోటికి దూకే గుర్తులు) పెట్టుకోండి. మొదటిది, చరణానికి ముందు వచ్చే వాద్యాల బిట్ మొదట్లో. రెండోది పల్లవి ఎత్తుగడ మీద. మూడోది, పాటలోంచి బయటపడటానికి వీలైన చోట. ఆ బిట్‌లో 8 దెబ్బలు లూప్ చేస్తే అదే మీ ఇంట్రో. దాని మీద పాత పాట దించి, రెండో క్యూ నొక్కండి, పల్లవి అందుకుంటుంది.

ప్రశ్న: రాయగడ చుట్టుపక్కల అద్దె సౌండ్ వాళ్ళతో చేస్తాను. హెడ్‌ఫోన్‌లో శుభ్రంగా ఉంటుంది, బాక్సుల్లో గుయ్‌మని హమ్మింగ్. సౌండ్ పెంచితే పగిలిపోతుంది. మొన్న టాప్ బాక్సులో డ్రైవర్ (సన్న శబ్దాలు పలికించే స్పీకర్) పోయింది, నన్నే కట్టమంటున్నారు. – పాఠకుడు, రాయగడ

జవాబు: రెండు జబ్బులున్నాయి, విడివిడిగా చూడాలి.

మొదట పగలడం. మీ కంట్రోలర్‌లో ట్రిమ్ నాబ్‌ను ఎలా పెడుతున్నారు? పాటలో అన్నిటికన్నా గట్టిగా ఉండే చోట పెట్టి, మీటర్ ఆకుపచ్చ దాటి పసుపులో తొంగిచూసే దాకానే తిప్పాలి. ఎరుపు వెలిగితే తరంగం తలలు కోసుకుపోతున్నాయని అర్థం. ఆ దెబ్బతిన్న శబ్దాన్ని తర్వాత మిక్సర్‌లో ఎంత తగ్గించినా బాగుపడదు. కోసుకుపోయిన తరంగంలో పై శ్రుతులు ఎక్కువగా పుడతాయి. అవన్నీ టాప్ బాక్సులోని డ్రైవర్ మీదికే పోతాయి. సన్నని కాయిల్ వేడెక్కి మాడిపోతుంది. ఆంప్లిఫయర్ దాని శక్తికి మించి లాగినా ఇదే జరుగుతుంది. సౌండ్ చాలకపోతే మీ మాస్టర్ ముట్టుకోవద్దు, సౌండ్ అన్ననే గెయిన్ పెంచమని అడగండి. ఆయన దగ్గరా ఎరుపు వెలుగుతుంటే ఆ మైదానానికి ఆ బాక్సులు చాలవు. మాట ముందే అనేయడం మంచిది. డ్రైవర్ డబ్బు ఎవరు కట్టాలన్న గొడవ రాకుండా, పని మొదలయ్యే ముందు ఇద్దరూ కలిసి ఎరుపు తగలని స్థాయి పెట్టుకుని, మీ మాస్టర్ ఉన్న చోట టేప్ ముక్కతో గుర్తు వేయండి.

ఇక హమ్మింగ్. లాప్‌టాప్ చార్జర్ పిన్ పీకి చూడండి. గుయ్ ఆగిపోతే అది గ్రౌండ్ లూప్. మీ చార్జర్ ఒక ఎర్తింగ్ నుంచి, వాళ్ళ మిక్సర్ ఇంకో ఎర్తింగ్ నుంచి వస్తున్నాయి. రెండిటి మధ్య కొద్దిపాటి కరెంటు మీ ఆడియో వైరు గుండా నడిచి, 50 హెర్ట్జ్ మోతగా వినిపిస్తోంది. మొదట లాప్‌టాప్, మిక్సర్ రెండూ ఒకే బోర్డు నుంచి తీసుకోండి. పోకపోతే మధ్యలో డీఐ బాక్స్ పెట్టండి, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది చూసి కొనండి. ఎడమకు ఒకటి, కుడికి ఒకటి. ఎర్త్ పిన్ విరిచేస్తే మోత పోతుందని ఎవరైనా చెబితే వినకండి. మోత పోతుంది గానీ, లోపం వచ్చిన రోజున కరెంటు మీ చేతుల గుండా దిగుతుంది. తడి నేల మీద వేసిన పెళ్ళి పందిట్లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

చార్జర్ పీకినా మోత ఆగకపోతే వైరును అనుమానించండి. చిన్న కంట్రోలర్ల వెనక ఉండే ఆర్‌సీఏ లైను బ్యాలెన్స్‌డ్ (బయటి మోతను రద్దుచేసే రకం) కాదు. మూడు మీటర్లు దాటితే దారిలో ఉన్న కరెంటు వైర్ల మోతను లాక్కుంటుంది. డీఐ బాక్సులను కంట్రోలర్ పక్కనే పెట్టి, అక్కడినుంచి మిక్సర్ దాకా బ్యాలెన్స్‌డ్ అయిన ఎక్స్‌ఎల్‌ఆర్ వైరు లాగండి. 30 మీటర్లు పోయినా ఫరవాలేదు. కరెంటు వైరును ఆడియో వైరు పక్కన పరచవద్దు, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

కొందరు సౌండ్ వాళ్ళు మీ రెండు పిన్‌లలో ఒకటే గుచ్చి పని కానిచ్చేస్తారు. పాత స్టీరియో పాటల్లో ఒక పక్కకే పెట్టిన వాద్యాలుంటాయి, అవి మాయమైపోతాయి. రెండూ గుచ్చమనండి, లేదంటే సాఫ్ట్‌వేర్‌లో మాస్టర్‌ను మోనో చేయండి.

జనరేటర్ మీద నడిపేటప్పుడు అది స్టార్టయి నిలకడకు వచ్చాకే మీ పెట్టెలు ఆన్ చేయండి. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, దాని యూఎస్‌బీ మీద బతికే కంట్రోలర్ కూడా కరెంటు పోయినా నడుస్తుంది. మిక్సర్ నడవదు కాబట్టి దానికి చిన్న యూపీఎస్ పెట్టించండి. ఆంప్లిఫయర్లను మాత్రం దాని మీద వేయకండి.

ప్రశ్న: సింక్ వాడితే డీజే కాదంటారు. వాడకపోతే నాకు కలవదు. రోజుకు గంటే దొరుకుతుంది. ఏ వరసలో నేర్చుకోవాలి? – పాఠకురాలు, జయపురం

జవాబు: సింక్ వాడటం తప్పేమీ కాదమ్మా. చెవి లేకుండా వాడితేనే ప్రమాదం. పైన బరంపురం పాఠకుడికి చెప్పిన తిశ్రం పాట ఎదురైనప్పుడు సింక్ చేతులెత్తేస్తుంది. అప్పుడు మిమ్మల్ని ఆదుకునేది చెవే.

మొదటి రెండు వారాలు ఒకే పాటను రెండు డెక్‌లలోనూ (కంట్రోలర్ రెండు పక్కలా) పెట్టండి. సింక్ ఆపేసి, బీపీఎం అంకెల మీద కాగితం అంటించండి. ఒక డెక్ టెంపోను ఎవరిచేతనైనా కొద్దిగా కదిలించమనండి. ఇప్పుడు విని సరిచేయండి. రెండు దెబ్బలు ఒకదాని వెనక ఒకటి టకటక అంటుంటే, జాగ్ వీల్ (కంట్రోలర్ మీది గుండ్రని చక్రం) అంచును ముందుకు తోసి చూడండి. దగ్గరపడితే మీ పాట వెనకబడి ఉందన్నమాట, స్లైడర్‌తో కొద్దిగా వేగం పెంచండి. పాటలు వేరైతే శ్రుతి తేడా, నడక తేడా అడ్డొస్తాయి. ఒకే పాటతో అవేవీ ఉండవు, చెవి తాళం మీదే నిలుస్తుంది. ఒక నిమిషం పాటు జారకుండా పట్టగలిగితే వేరే పాటలకు వెళ్ళండి.

తర్వాత లెక్క. 4 దెబ్బలు ఒక బార్, 8 బార్లు ఒక పేరా అనుకోండి, అంటే 32 దెబ్బలు. 120 బీపీఎం దగ్గర అది 16 సెకండ్లు. ఇప్పటి డాన్స్ పాటల్లో మార్పులు ఎక్కువగా ఈ కొలత మీదే వస్తాయి. కొత్త పాటను పాతదాని పేరా మొదట్లో వదిలితే రెండూ ఒకేసారి మలుపు తిరుగుతాయి. జానపదంలో ఈ 32 కుదరదు, అక్కడ పల్లవి ఎన్ని వరసలో విని రాసుకోవాలి.

మూడోది బేస్ మార్పిడి. రెండు పాటల బేస్ ఎప్పుడూ ఒకేసారి వదలొద్దు. కొత్త పాటను దాని 'లో' (బేస్) నాబ్ పూర్తిగా మూసి తీసుకురండి. పేరా మలుపులో పాతదాని బేస్ మూస్తూ, కొత్తదాని బేస్ తెరవండి. రెండు చేతులూ ఒకే దెబ్బ మీద కదలాలి. దీనికి వారం పడుతుంది. ప్రతి రోజూ చివరి పావుగంట రికార్డ్ చేసి, మర్నాడు పొద్దున వినండి. చేస్తున్నప్పుడు తెలియని జారుళ్ళన్నీ అప్పుడు దొరుకుతాయి.

ఇంట్లో బాగా కలిసి, మైదానంలో కలవకపోతే బెంగపడకండి. శబ్దం 10 మీటర్లు రావడానికి దాదాపు 29 మిల్లీసెకండ్లు పడుతుంది. దూరపు బాక్సును ఒక చెవితో, హెడ్‌ఫోన్‌ను ఇంకో చెవితో వింటే అంత తేడాతోనే కలుపుతారు. మీ పక్కన చిన్న మానిటర్ బాక్సు పెట్టించుకోండి. అది లేకపోతే హెడ్‌ఫోన్ మిక్స్ నాబ్‌ను మధ్యకు తిప్పి, రెండు పాటలూ హెడ్‌ఫోన్‌లోనే వినండి.

ప్రశ్న: యూట్యూబ్ నుంచి దించుకున్న పాటలు పెద్ద బాక్సుల్లో ఎందుకు తేలిపోతున్నాయి? – పాఠకుడు, గుణుపురం

జవాబు: కుదించేటప్పుడు పై శ్రుతులు కోసేశారు కాబట్టి. అలాంటి ఫైల్‌ను 320 కేబీపీఎస్‌గా (సెకండుకు 320 కిలోబిట్లుగా) మార్చినా పోయింది తిరిగి రాదు, సైజు పెరుగుతుందంతే. డబ్బిచ్చి కొన్న 320 కేబీపీఎస్ ఎంపీ3 చాలు. 5 నిమిషాల పాట 12 ఎంబీ, వెయ్యి పాటలు 12 జీబీ. అదే కుదించని వేవ్ ఫైల్ 53 ఎంబీ దాకా ఉంటుంది. పాటలన్నీ డిస్క్‌లోనే ఉంచుకోండి, కొండ ఊళ్ళలో నెట్ నమ్ముకుంటే పాట మధ్యలో ఆగుతుంది. పెన్‌డ్రైవ్‌తో వేరేవాళ్ళ ప్లేయర్ల మీద చేయాల్సివస్తే ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేయండి, ఎన్‌టీఎఫ్ఎస్ అవి చదవవు. ఒకే రకం డ్రైవ్‌లు రెండు దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: పాట మధ్యలో టిక్ టిక్ శబ్దాలు. ఒకసారి లాప్‌టాప్ బిగుసుకుపోయింది. – పాఠకుడు, ఛత్రపురం

జవాబు: బఫర్ (కంప్యూటర్ శబ్దాన్ని ముందుగా పోగుచేసుకునే చోటు) మరీ తగ్గించి ఉంటారు. 44,100 హెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ళంటే కంప్యూటర్‌కు దొరికేది 2.9 మిల్లీసెకండ్లే, 512 అయితే 11.6. స్క్రాచ్ చేయని పెళ్ళి డీజేకు 512 హాయి. విండోస్‌లో కంట్రోలర్ కంపెనీ ఇచ్చిన ఏఎస్ఐఓ డ్రైవర్ (శబ్దాన్ని తక్కువ ఆలస్యంతో పంపే సాఫ్ట్‌వేర్) వేయండి. పవర్ సెట్టింగ్‌లో హై పర్ఫార్మెన్స్ పెట్టి, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. వైఫై ఆఫ్ చేయండి, అప్‌డేట్లను పాజ్ చేయండి. కంట్రోలర్‌ను హబ్‌లో కాకుండా నేరుగా లాప్‌టాప్‌కే గుచ్చండి. లాప్‌టాప్ అడుగున గాలి ఆడేలా స్టాండ్ ఉండాలి. పట్టుబట్ట పరిచిన బల్ల మీద పెడితే గాలి దారులు మూసుకుపోతాయి, వేడెక్కగానే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. మీది సముద్రపు గాలి కాబట్టి నెలకోసారి పిన్‌లకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. ఒక ఫోన్‌లో గంటకు సరిపడా పాటలు, దాన్ని మిక్సర్‌కు కలిపే వైరు ఎప్పుడూ సంచిలో ఉండాలి.

ప్రశ్న: మా అబ్బాయి ప్రతి ముహూర్తానికీ డీజేకి వెళ్తాడు. ఇంటికొచ్చాక చెవుల్లో గీ మంటోంది అంటాడు. భయమేస్తోంది. – ఒక తల్లి, కాశీనగర్

జవాబు: మీ భయం సరైనదేనమ్మా. ఆ గీ అనేది లోపలి చెవి దెబ్బతింటున్నదన్న హెచ్చరిక. పనిచేసే చోట్ల భద్రతకు వాడే లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌ను 8 గంటలు భరించవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. బాక్సుల ముందు 100 దాటడం మామూలే. దూది పెట్టుకుంటే లాభం లేదు. సంగీతకారుల కోసం అమ్మే ఇయర్‌ప్లగ్‌లు శబ్దాన్ని అన్ని శ్రుతుల్లోనూ ఇంచుమించు సమంగా తగ్గిస్తాయి, పాట చెడదు. బల్లను బాక్సుల ముందు కాకుండా వాటి వెనకగా, పక్కకు వేయించుకోమనండి. హెడ్‌ఫోన్ ఎప్పుడూ రెండు చెవులకూ పెట్టుకోకుండా, వినాల్సినప్పుడే తగిలించుకోవాలి. గీ శబ్దం మర్నాటికీ తగ్గకపోతే ఆ వారం పని మానిపించి చెవి డాక్టరుకు చూపించండి.

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదని శబ్ద కాలుష్య నియమాలు 2000లోనే చెబుతున్నాయి. ఇళ్ళున్న చోట పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. లౌడ్‌స్పీకర్‌కు అధికారుల రాతపూర్వక అనుమతి పెళ్ళివారు తీసుకున్నారో లేదో మీ అబ్బాయి బల్ల వేయకముందే అడిగి, ఆ కాగితం ఫొటో తన ఫోన్‌లో ఉంచుకోవాలి.